నాయనమ్మ తెల్లారగట్ల ప్రార్థన

మా పల్లె గుడికి కొనుక్కొచ్చిన గంట లేదు. ముందున్న వేపచెట్టు కొమ్మకి ఇనప గొలుసుతో వేలాడదీసిన రైలు పట్టా ముక్కే మా గంట. ఆదివారం పొద్దున మూడు విడతలు, శుక్రవారం రాత్రి కూడికకి ఒక విడత, ఎవరైనా పోతే ఆగి ఆగి ఒక్కో దెబ్బ. ఒంగోలుకి ఉత్తరాన, గుండ్లకమ్మ తట్టు, ఊరికి ఎడంగా నల్లరేగడి చేల అంచున ఉండేది పల్లె. సంక్రాంతి దగ్గర పడుతుండగా చుట్టూ పొగాకు బ్యారన్లు రాజుకునేవి. లోపల వర్జీనియా ఆకు పండి రంగు తిరిగేటప్పుడు వచ్చే ఆ తియ్యటి ఘాటు వాసన ఇళ్ళలోకీ, గుడిలోకీ, ఉతికి ఆరేసిన బట్టల్లోకీ దూరి మార్చి దాకా మాతోనే ఉండేది. పగలంతా కర్రలకి ఆకు కట్టి వచ్చిన ఆడవాళ్ళ వేళ్ళకి నల్లటి జిగురు పట్టేది, చింతపండు పెట్టి రుద్దినా గోళ్ళ సందుల్లో మిగిలిపోయేది, ఆ వేళ్ళనే జోడించి, కళ్ళు మూసుకొని, శుక్రవారం రాత్రుళ్ళు వాళ్ళు తుంగచాపల మీద మోకరించేవాళ్ళు.

గుడంటే సున్నం గోడలు, బెంగుళూరు పెంకులు, ఎడంపక్క మగవాళ్ళు, కుడిపక్క ఆడవాళ్ళు, మధ్యలో పిల్లలం. పెట్రోమాక్స్ లైటు వెలిగించే పని మా నాన్నది. స్పిరిటు పోసి అంటించి, నీలిమంట ఆరేదాకా ఆగి, పంపు కొడుతుంటే మాంటిల్ ముందు ఎర్రబడి, తర్వాత తెల్లబడి, బుస్సుమని ఒక్కసారిగా అందరి మొహాలూ బయటపడేవి. మా పాస్టరు అయ్యగారు హార్మోనియం బెలో తెరిచేవారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో ప్రతి పాట నెత్తిన రాగం, తాళం అచ్చేసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరిగారి కీర్తన ఎత్తుకున్నారంటే, చదువు రాని మా నాయనమ్మ, రాగం పేరు ఎప్పుడూ విననే వినని నాయనమ్మ, ఎవరి గొంతు ఎక్కడ జారిందో పసిగట్టి చాప మీద నుంచే తలెత్తి అటు చూసేది.

గుడిలో ప్రార్థన అందరిదీ. ఆమెదంటూ వేరే ఉండేది, తెల్లారగట్ల. కోడి కూసిందో లేదో, జొన్నల కుండలు పేర్చిన మూలన గోనెపట్టా మడిచి వేసుకొని, చెంగు నెత్తిన కప్పుకొని, గోడకి చెయ్యి ఆనించి మెల్లగా మోకాళ్ళ మీదికి దిగేది. నేను ఆ పక్కనే నులకమంచం మీద, దుప్పటి సందులోంచి వినేవాణ్ణి. దొడ్లో గేదె నెమరేసే చప్పుడు, ఎక్కడో బ్యారన్ కాడ కాపలావాళ్ళ దగ్గు, ఆ రెంటి మధ్యన నాయనమ్మ గొంతు, పక్కన కూర్చున్న మనిషితో మాట్లాడినట్టే. ముందు రాత్రి గడిచినందుకు వందనాలు. తర్వాత పేర్లు. ఇంట్లోవాళ్ళందరి పేర్లు, పెద్ద నుంచి చిన్నకి. తర్వాత మేనత్తలు, వాళ్ళ అత్తగారి ఊళ్ళు. తర్వాత చూలు కట్టిన గేదె. తర్వాత నాన్న పనిచేసే పొగాకు కంపెనీలో ఈ ఏడు పని ఎక్కువ రోజులు నిలవాలని. తర్వాత ఎవరి చేలో కూలికి పోతుందో ఆ రైతుగారి భార్యకి పట్టిన ఉబ్బసం తగ్గాలని. ముందురోజు పంపు కాడ ఎవరితోనైనా మాటామాటా వచ్చి ఉంటే ఆ మనిషి పేరు కాడ ఇంకాస్త సేపు ఆగేది. ఏమనేదో వినపడేది కాదు, గొంతు తగ్గిపోయేది.

పేర్లన్నీ అయిపోయాక ఆమెన్ అనేది కాదు. అట్టాగే ఉండిపోయేది. ఎంతసేపంటే, చూరు సందుల్లోంచి చీకటి బూడిదరంగుకి మారేంతసేపు. నిద్రపోయిందేమో అనుకొని ఒకసారి చెంగు పట్టి లాగాను.

“ఏం చేస్తన్నావ్ నాయనమ్మా?”

“నా మాట అయిపోయింది గదరా. ఇప్పుడు ఆయన మాట.”

“ఏం చెప్పాడు?”

“ఈ పొద్దు ఏం చెప్పలా,” అంది, కొంచెం కూడా దిగులు లేకుండా. గోడ పట్టుకొని లేచి, గోనెపట్టా మడిచి కుండల వెనక పెట్టి, చీపురు తీసుకొని వాకిట్లోకి పోయింది.

దేవుడు ఏమీ చెప్పలేదని అంత మామూలుగా ఒప్పుకున్న మనిషిని నేను మళ్ళీ ఎక్కువమందిని చూడలేదు. సాక్ష్యాల కూడికల్లో ఎవరైనా లేచి నాకు ఇట్టా బయలుపరిచాడు, అట్టా చూపించాడు అంటుంటే నాయనమ్మ శ్రద్ధగా వినేది, వందనాలు అనేది, ఎవరి మాటనీ కొట్టిపారేసేది కాదు. కానీ తనదాకా వస్తే, వినపడినప్పుడే వినపడిందనేది.

మావి బాప్టిస్టు సంఘాలు. పసిపిల్లలకి బాప్తీస్మం ఇవ్వరు, ప్రతిష్ఠ ప్రార్థన మాత్రం చేసి తల్లి చేతికిస్తారు. పిల్లవాడు పెద్దయి, తనంతట తాను అడిగినప్పుడే నీళ్ళలో ముంచుతారు. నా వంతు వచ్చినప్పుడు గుడిలో సంఘపెద్దలు బల్లకి అటు వరసగా కూర్చున్నారు, మేం కొందరం పిల్లలం ఇటు నిలబడ్డాం. పది ఆజ్ఞలూ, ప్రభువు ప్రార్థనా ఒప్పజెప్పాక అయ్యగారు ఒక్కొక్కరినీ దగ్గరికి పిలిచి, వంగి, మెల్లగా అడిగారు: “నీ అంతట నువ్వొచ్చావా, ఎవరన్నా పంపారా?” నా పక్కన నిలబడ్డవాడు “మా అమ్మ రమ్మంది” అన్నాడు. అయ్యగారు వాడి తల నిమిరి, “అమ్మ మాట మంచిదే నాయనా. నీ మాట కూడా వచ్చిందాకా ఆగుదాం” అన్నారు. వాణ్ణి ఎవరూ కోప్పడలేదు. ఆ ఆదివారం మేం తెల్లబట్టలతో గుండ్లకమ్మలో దిగుతుంటే వాడు గట్టు మీద మా చొక్కాలు పట్టుకొని నిలబడి పాటలు పాడాడు. రెండేళ్ళ తర్వాత వాడూ దిగాడు.

నీ అంతట నువ్వొచ్చావా అన్న ఆ ప్రశ్న మా పల్లెలకి కొత్తది కాదు. 1854 జనవరి ఒకటిన, ఇంకా తెల్లవారకముందే, మిషనరీ జ్యూయెట్ దొరగారితో కలిపి ఐదుగురు ఒంగోలు కొండెక్కి, ఇక్కడికి ఒక మనిషిని పంపమని ప్రార్థన చేశారు. ఆ మనిషిగా క్లౌ దొరగారు ఒంగోలు వచ్చింది 1866లో. పన్నెండేళ్ళు. అందుకే ఆ కొండని ప్రార్థన కొండ అంటారు. ఇంతవరకూ చాలామందికి తెలుసు. నాయనమ్మ మాకు ఎక్కువగా చెప్పింది ఆ తర్వాతి సంగతి. 1876లో మొదలైన ధాత కరువులో జనం ఆకుల్లా రాలిపోతుంటే క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత పని కాంట్రాక్టు తీసుకొని, వేలమందికి కూలి, కూలితో కూడు చూపించారు. నాయనమ్మ వాళ్ళ తాత ఆ కాలువ మట్టి మోసినవాడే. ఆ రోజుల్లో బాప్తీస్మం ఇమ్మని గుంపులు గుంపులుగా అడిగారట. దొరగారు ఇవ్వలేదు. ఏడాదికి పైగా ఒక్కరికీ ఇవ్వలేదు. కూడు పెట్టే చేతిని చూసి ఒప్పుకున్నది ఒప్పుకోలు కాదని ఆయన పట్టు. కరువు తగ్గుముఖం పట్టి, పంచడానికి డబ్బు లేదని తేల్చి చెప్పాక కూడా జనం వెనక్కి పోకుండా నిలబడ్డారు. అప్పుడు, 1878 జూలై 3న, వెల్లంపల్లి కాడ గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది. లెక్క గొప్పదే, ప్రపంచమంతా చెప్పుకుంది. కానీ నాయనమ్మ చెప్పే కథలో ఆ లెక్క చివర్లో వచ్చేది. “అంత ఆకలిలో ఉన్నా మా తాతని ఆయన కొనలేదురా. నువ్వు నిలబడ్డాక రా అన్నాడు. మాదిగోడికి అంత మర్యాద అంతకుముందు ఎవుడు జేశాడు?” అంటూ ఆ మర్యాద దగ్గరే ఆగేది. తరతరాలుగా ఒకరు పిలిస్తే పోవడమే తప్ప నీకిష్టమేనా అని ఎవరూ అడగని మనుషులకి, ఇష్టం అడగడమే మొదటి సువార్త అయ్యుంటుందని నాకు ఇప్పటికీ గట్టి నమ్మకం.

డిసెంబరు ముప్పై ఒకటి రాత్రి పాత సంవత్సరాన్ని సాగనంపే కూడిక. గుడంతా రంగు కాగితాల తోరణాలు, వెదురు బద్దల నక్షత్రం, పన్నెండు కాగానే పట్టా ముక్క ఆగకుండా మోగేది. అయ్యగారి భార్య, మేమంతా అమ్మగారు అనేవాళ్ళం, ఇత్తడి పళ్ళెంలో మడిచిన వాగ్దాన చీటీలు తెచ్చేవారు. ఒక్కొక్కరూ ఒకటి తీసుకోవాలి, ఆ ఏడాదికి అది మన వాక్యం. నాయనమ్మ చీటీ నేనే చదివేవాణ్ణి. రెండుసార్లు చదివించుకొని, కళ్ళకద్దుకొని, తనకి చదవడం రాని తన బైబిల్లో పెట్టుకునేది. ఎర్ర గుడ్డలో చుట్టిన ఆ బైబిలు నిండా పాత చీటీలే. అంత ప్రేమగా దాచుకునే మనిషి, ఇంట్లో ఏదైనా తేల్చుకోవాల్సి వచ్చినప్పుడు చీట్లు వేద్దామంటే మాత్రం ఒప్పుకునేది కాదు. “అది దీవెన. దానికి మన బరువెందుకు ఎత్తాలి?” అనేది. పెద్దయ్యాక బైబిలు నేనే చదువుకుంటుంటే గమనించాను: యూదా స్థానంలో మత్తీయని ఎంచుకోవడానికి శిష్యులు చీట్లు వేశారు. పెంతెకొస్తు తర్వాత మాత్రం వాళ్ళు అట్టా చీట్లు వేసి దేన్నీ తేల్చుకున్నట్టు రాసి లేదు. అన్యజనుల సంగతి వచ్చినప్పుడు యెరూషలేములో కూర్చొని బాగా వాదించుకొని, ఒకరి మాట ఒకరు విని తేల్చుకున్నారు. నాయనమ్మకి ఈ వరస తెలిసి ఉంటుందనుకోను. తెలియకుండానే ఆ దారిలో నడిచింది.

చిన్నత్త సంగతి వచ్చింది ఇట్టాంటి రోజుల్లోనే. చిన్నత్త అంటే నాన్న చెల్లెలు, నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద, నాకు తల దువ్వి, ఎక్కాలు నేర్పి, బ్యారన్ నిప్పుల్లో చిలగడదుంపలు కాల్చి పెట్టిన మనిషి. పదో తరగతి ప్యాసయింది. నెల్లూరు మిషను ఆసుపత్రిలో నర్సింగు ట్రైనింగుకి సీటు వచ్చింది. అదే నెలలో ఒక సంబంధమూ వచ్చింది, అబ్బాయి టీచరు, మంచి కుటుంబం, కట్నం అడగలేదు. ఇంట్లో మాటలు మొదలయ్యాయి. నాన్నకి సంబంధం వదులుకోవడం ఇష్టం లేదు. పెద్దమ్మలు, బాబాయిలు, సంఘపెద్దలు తలా ఒక మాట. సరిగ్గా అప్పుడే కూడికలకి వచ్చిన ఒక ప్రసంగీకుడు మా ఇంట్లో భోజనం చేసి, చెయ్యి కడుక్కుంటూ, ఈ పిల్లని గడప దాటించొద్దని దేవుడు నాకు చూపించాడమ్మా అన్నాడు. వసారాలో అందరూ నిశ్శబ్దమైపోయారు. నాయనమ్మ ఆయన చేతికి తువ్వాలు అందిస్తూ, “చాలా సంతోషం అయ్యా. ఆయనకి మా ఇంటి దారి తెలుసు. మాక్కూడా చెప్తాళ్ళే” అంది. గొంతులో ఎగతాళి లేదు. ఆమె నిజంగానే ఎదురుచూసింది. మూడు రోజులు ఉపవాసం ఉంది, పొద్దుగూకాక ఇంత గంజి తాగి.

ఆ మూడు రోజులూ నేనూ ప్రార్థన చేశాను, దుప్పటి ముసుగులో, అత్త వెళ్ళకూడదని, సీటు పోవాలని, లేదా నెల్లూరు బస్సు రాకూడదని, ఒక పిల్లవాడికి తెలిసిన అన్ని రకాలుగా. పక్కగదిలో చిన్నత్త కూడా మోకాళ్ళ మీద ఉందని నాకు తెలుసు. ఆమె ఏం అడుగుతోందో కూడా తెలుసు. ఒకే ఇంటి కప్పు కింద నుంచి, ఒకే దేవుడికి, ఒకదానికొకటి ఎదురైన రెండు ప్రార్థనలు వెళ్తున్నాయి. ఆయన ఎవరిది వింటాడు? ఆ ప్రశ్న నన్ను నిద్రపోనివ్వలేదు. మూడోరోజు తెల్లారగట్ల నాయనమ్మనే అడిగేశాను.

నాయనమ్మ నన్ను గోనెపట్టా మీదికి లాక్కొని, చెంగు నా నెత్తిన కూడా కప్పింది. పొగాకు, గంజి, కొబ్బరినూనె కలిసిన వాసన. “అడగడం మానొద్దురా. అత్త ఉంటే బాగుండు, నాకు దిగులుగా ఉంది, అని చెప్పుకో. ఆయన వింటాడు. అత్త కాళ్ళకి కట్టడానికి తాడియ్యమని మాత్రం అడగబాక. ఆయన కాడ అట్టాంటి తాడు లేదు” అంది. తర్వాత ధనవంతుడైన ఆ యవ్వనస్థుడి కథ చెప్పింది, ప్రభువు దగ్గరికి పరిగెత్తుకుంటూ వచ్చి, ఉన్నది అమ్మి బీదలకిమ్మంటే మొహం వేలాడేసుకొని వెళ్ళిపోయినవాడి కథ. ఆదివార బడిలో విన్నదే. “వాణ్ణి చూసి ప్రేమించాడని రాసుంది గదా. ప్రేమించినోడు ఎనకమాల పడి పట్టుకోవచ్చుగా? పట్టుకోలా. పోనిచ్చాడు.” ఆ ‘పోనిచ్చాడు’ అన్నప్పుడు ఆమె గొంతు ఒణికింది. ఆ కథ ఆమెకి కూడా తేలికైంది కాదని నాకు అర్థమైంది.

ఆ పొద్దున నాన్న అడిగాడు, ఏం చెప్పాడమ్మా దేవుడు అని. ఏమీ చెప్పలేదంది నాయనమ్మ. ఆ తర్వాత పొయ్యి ముందు కూర్చొని, కొడుకునీ కూతుర్నీ ఎదురుగా కూర్చోబెట్టి అడిగిన ప్రశ్నలు నాకు ఇప్పటికీ గుర్తు. ఈ రెండిట్లో వాక్యానికి విరోధమైంది ఏదన్నా ఉందా? లేదు, రెండూ మంచివే. సంఘంలో లేచి చెప్పుకోలేని పని ఏదన్నా ఉందా? లేదు. పోతే దాని కష్టం ఎవరి మీద పడుద్ది? ఇక్కడ నాన్న తల దించుకున్నాడు. ట్రైనింగు అంటే పెట్టె, బట్టలు, హాస్టలు ఖర్చు. ఉంటే ఎవరి మీద పడుద్ది? ఈసారి ఎవరూ మాట్లాడలేదు. అప్పటిదాకా, అన్ని రోజుల మాటల్లో, చిన్నత్తని ఎవరూ ఏమీ అడగలేదన్న సంగతి అందరికీ ఒకేసారి తట్టినట్టుంది. “నీకేం కావాలమ్మా?” అంది నాయనమ్మ. చిన్నత్త పొయ్యిలోకి చూస్తూ, “పోతానమ్మా” అంది. అంతే.

గేదెని చీమకుర్తి తట్టునుంచి వచ్చిన బేరగాడికి ఇచ్చారు. ఆ ఏడంతా మేం పాలు లేని టీ తాగాం. పొద్దున్నే దొడ్లో నెమరేసే చప్పుడు ఉండేది కాదు, నాయనమ్మ ప్రార్థనలో గేదె పేరు వచ్చే చోట నెల్లూరు పేరు వచ్చేది.

అది దేవుని చిత్తమేనా అని తర్వాత చాలామంది ఆమెని అడిగారు. చిన్నత్త జ్వరంతో ట్రైనింగు మధ్యలో తిరిగొచ్చి నెలరోజులు మంచాన పడ్డప్పుడు అడిగారు, ఆ టీచరబ్బాయి హెడ్మాస్టరై మేడ కట్టుకున్నప్పుడు ఇంకా ఎక్కువమంది అడిగారు. ఆమె ఎవరితోనూ వాదించలేదు. చిత్తమని గానీ కాదని గానీ అనలేదు. తెల్లారగట్ల అదే మూలన, అదే గోనెపట్టా మీద, ఎంచుకున్న దారిలో పిల్ల కాలు జారకుండా చూడమని అడుగుతూ పోయింది. ఎంచుకోవడానికి ముందు చేసేదే ప్రార్థన అని మనలో చాలామంది అనుకుంటాం. నేను విన్నంతలో ఆమె ప్రార్థనలో ఎక్కువ భాగం ఎంచుకున్నాకే నడిచింది, ఏళ్ళ తరబడి.

పల్లె ఇప్పుడు కాలనీ అయింది. పెంకుల గుడి తీసేసి స్లాబు వేశారు, కింద టైల్సు, పైన ఫ్యాన్లు, నాలుగు మూలలా స్పీకర్లు. స్తంభానికి చోటు కావాలని వేపచెట్టు కొట్టేశారు. పట్టా ముక్క ఎక్కడికి పోయిందో అడిగితే ఎవరికీ తెలియలేదు. చుట్టుపక్కల బ్యారన్లు చాలావరకు మూతపడ్డాయి. జనం మాత్రం అప్పటికంటే ఎక్కువ, పాటలూ ఎక్కువ, అది చూసి నాకు సంతోషమే. నన్ను బాధపెట్టేది ఒకటుంది. సెల్‌ఫోను తీస్తే, టీవీ పెడితే, నీ గురించి దేవుడు నాకు చూపించాడు అని మొదలయ్యే మాటలు. ఏ కోర్సులో చేరాలో, వీసా వస్తుందో రాదో, ఏ సంబంధం ఒప్పుకోవాలో ఇంకొకరు కళ్ళు మూసుకొని చెప్పడం, కన్నవాళ్ళు వాటిని పట్టుకొచ్చి పిల్లల ముందు పెట్టడం. అట్టా చెప్పేవాళ్ళంతా అబద్ధమాడుతున్నారని నేను అనను. దేవుడు మాట్లాడతాడని నమ్మినవాణ్ణే, నమ్ముతూనే పోతాను. కానీ ఒక మనిషి నోట్లోంచి రావాల్సిన అవునూ కాదూ ఇంకొకరి దర్శనంలోంచి రావడం, మా నాయనమ్మ వాళ్ళ తాత కడుపు మాడ్చుకొని సంపాదించుకున్న మర్యాదని తిరిగి ఇచ్చేయడమే. గెత్సేమనేలో సాక్షాత్తూ ప్రభువే గిన్నె తొలగించమని చెమటలు కక్కుతూ అడిగాడు. ఆ రాత్రి ఎవరూ ఆయన తరఫున ఒప్పుకోలేదు. ఆ ఒప్పుకోలు ఆయన నోటితోనే ఆయన చెప్పాల్సి వచ్చింది.

చిన్నత్త ప్రభుత్వాసుపత్రుల్లో పనిచేసి రిటైరయి ఇప్పుడు ఒంగోల్లో ఉంటోంది. పెళ్ళి ఆలస్యంగా చేసుకుంది, తనకి నచ్చినవాణ్ణి. మోకాళ్ళ నొప్పులు, అందుకని కుర్చీలో కూర్చునే ప్రార్థన చేస్తుంది, పేర్లు మాత్రం పెద్ద నుంచి చిన్నకి అదే వరసలో. సంబంధాల గురించి, కాలేజీ సీట్ల గురించి ప్రార్థన చేయమ్మా అని చుట్టుపక్కలవాళ్ళు వస్తుంటారు. ఎవరినీ కాదనదు. కానీ ఎవరి గురించి అడగాలో ఆ పిల్లనో పిల్లవాణ్ణో వెంట తీసుకురమ్మంటుంది. వాళ్ళు వచ్చి, తమకేం కావాలో తమ నోటితో చెప్పిందాకా మొదలుపెట్టదు.